పేను మందు

రచ్చ రాళ్ళ ముందు తడి గోనెపట్టా మీద వేసిన శీలావతి చేప ఇంకా కొట్టుకుంటూనే ఉంది. సంఘం పెద్ద రమణి ఎడమచేత్తో దాని తల అదిమిపట్టి, కుడిచేతి వేలితో మొప్ప వెనకాల ఉన్న ఎర్రటి పుండు చూపించింది. పుండు చుట్టూ పెసరబద్దలంత పురుగులు, నీళ్ళ రంగులో, పొలుసులకు కరుచుకుని ఉన్నాయి. గోటితో గీరితే ఒకటి పక్కకు జారి మళ్ళీ అక్కడే అంటుకుంది.

"సూసినారా, పేలు! బతికే ఉన్నాయి," అంది రమణి. "రెండుమార్లు మందు పోసినానంటన్నాడు ఫల్గుణ. పోస్తే ఇయ్యెలగ బతికినాయి? అది మందేటి, గెడ్డ నీళ్ళేటి?"

జనం వంగి చూశారు. నీలంపుట్టు ఊరి ఆడవాళ్ళ సంఘం కొండమీంచి పారే గెడ్డకు అడ్డం కట్టిన చెరువులో చేపలు వేసి ఏడాది కావస్తోంది. చైత్రంలో వచ్చే ఇటుకల పండక్కి పట్టి సంతలో అమ్మాలని అందరి ఆశ. చెరువు కాపలా, మేత వేయడం, మందు పోయడం ఫల్గుణ పని. ఊళ్ళో తెప్ప నడపడం సరిగ్గా వచ్చినవాడు అతనొక్కడే. చలి తగ్గి, చెరువులో నీళ్ళు ఇంకేకొద్దీ చేపలకు పేను పట్టింది. అవి గుంజలకు ఒళ్ళు రాసుకుంటున్నాయి, పొలుసులు రాల్చుకుంటున్నాయి, తెల్లారేసరికి ఒడ్డు వెంట పొట్టలు తిరగేసి తేలుతున్నాయి.

ఫల్గుణ జనానికి ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"పోసినాను," అన్నాడు. "రెండుమార్లూ పోసినాను. సీసా అడుగు కూడా కడిగి పోసినాను."

"ఆ మందే అల్లం సేలకీ కొడతారు," అన్నారెవరో వెనకనుంచి. "గెడ్డవతల ధనుంజయ్ ఈ ఏడు మందుకి సంతకే ఎళ్ళనేదు."

"వానాకాలంలో సేపల తవుడు పందికి పెట్టినోడే గదా ఈడు!"

"పెట్టినాను. అది ఆ రోజే ఒప్పుకున్నాను. మందు ముట్నేదు."

ఊరి నాయుడు పోతురాజు ముసలివాడు. కోపగొండి కాదు. ఏ తగువైనా పొద్దెక్కకుండా తేల్చెయ్యాలని చూసే మనిషి. తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆడవాళ్ళ గుంపులో నిలబడ్డ కనకవైపు తిరిగాడు. కనక ఫల్గుణ పెళ్ళాం.

"నువ్వు సెప్పమ్మీ. ఆడు మందు పోస్తంటే సూసినావా?"

మందు పోశానని ఫల్గుణ చెప్పిన రోజుల్లో కనక రమణితో కలిసి పైకొండ మీద చింతచెట్ల కింద కాయ ఏరుతోంది. ఇంటికొచ్చేసరికి అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చోడి అంబలి ముట్టలేదు. వేళ్ళు సూదులతో పొడుస్తున్నట్టున్నాయన్నాడు. ఒంటినుంచి జీలుగు కల్లు వాసన. ధనుంజయ్ పొలంలోదే జీలుగు చెట్టు. ఆమె ఇంకేం అడగలేదు.

"సూడ్నేదు తాతా. నాను రమణి అప్పతో కొండమీదున్నాను."

"సూడ్నేదు, సరే. పోసుంటాడంటావా?"

ఉంటాడు అంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. కానీ గోనె మీద చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంది, దాని పొట్టమీద పేలు పాకుతూ ఉన్నాయి. ఆమె తలవంచుకుంది.

ఫల్గుణ ఆమెవైపు చూశాడు. కోపంగా ఏం చూడలేదు. వాన వస్తుందా రాదా అని కొండవైపు చూసినట్టు చూశాడు. తర్వాత మోకాళ్ళమీద చేతులానించి లేచాడు.

"సరే. నానే అమ్మినాను," అన్నాడు. "అయిపోయిందా?"

జనంలోంచి ఒక్కసారిగా ఊపిరి వదిలినట్టు సద్దు వచ్చింది. అందరికీ అదే కావాలి. చేపలెందుకు చస్తున్నాయో ఇప్పుడు తెలిసింది. పోతురాజు దండుగ చెప్పాడు. ఫల్గుణ దొడ్లో ఉన్న నల్ల పోతుమేక ఊరికివ్వాలి, చెరువుగట్టు ఇంక తొక్కకూడదు. ఎండ ముదరకముందే మేకను లాక్కొచ్చి అక్కడే కోశారు.

దండుగ మాంసంలో తప్పు చేసినవాడి ఇంటికి కూడా ఒక వాటా వస్తుంది. అది ఊరి పద్ధతి. మోదుగాకు పొట్లం పట్టుకుని కనక ఇంటికి వచ్చేసరికి ఫల్గుణ దుప్పటి, కత్తి, సొరబుర్ర తీసుకుని కొండపోడులోని గుడిసెకు వెళ్ళిపోయాడు. అతని తల్లి సోములమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమెకు చూపు ఆనదు.

"మాంసమేటే కోడలా? ఏటి పండగ?"

"పండగేటీ నేదు అత్తా."

కనక వండింది. సోములమ్మ చిగుళ్ళతో నములుతూ, పండగ లేకుండా ఊళ్ళో మేకను కోసిన మహారాజు ఎవరని రెండుమూడుసార్లు అడిగింది. తన దొడ్లో మేకేనని కనక చెప్పలేదు. తన కంచంలో పెట్టుకున్న ముక్క తీసి ముసలమ్మ కంచంలోనే వేసింది.

*

పేలు పెరిగాయి. రమణి స్వయంగా పాడేరు వెళ్ళి కొత్త మందు సీసా తెచ్చి, తన ఇంట్లో బియ్యం డ్రమ్ములో దాచింది. చేపల ఆఫీసు జగదీష్ సారుకి ఫోన్ చేస్తే ఈసారి మోతాదు పెంచి పొయ్యమన్నాడు.

"నువ్వే పొయ్యాల కనకా," అంది రమణి, కనక గుమ్మం ముందు నిలబడి. "నీ మొగుడి పని గదా. నాను కూడా తెప్పమీద ఉంటాను. నా కళ్ళతో సూస్తాను."

దొంగ ఇంటి మనిషిని కనిపెట్టి ఉండటానికేనని కనకకు తెలుసు. మాట్లాడకుండా తలగుడ్డ బిగించుకుని నడిచింది.

పొద్దు కొండమీదికి వచ్చాక మొదలెట్టారు. రమణి మందు సీసా మూత తానే విప్పి, బకెట్టు నీళ్ళలో పోసింది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. కిరసనాయిలు లాంటి వాసన ముక్కులో పొడిచింది. వెదురు తెప్పమీద రమణి గెడకర్ర పట్టుకుంది. కనక చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని, మగ్గుతో ముంచి, గాలి వెనకనుంచి వచ్చేట్టు చూసుకుని చల్లింది. తెప్ప తిన్నగా పోదు, రమణికి గెడ వెయ్యడం రాదు. ఒకచోటే గుండ్రంగా తిరిగింది. గాలి మళ్ళినప్పుడు తుంపర ఇద్దరి మొహాలమీదా పడింది. కవర్లు చిరిగి నీళ్ళు వేళ్ళమీదికి కారాయి. చెరువు మూలమూలా తిరిగి, ఖాళీ సీసాను రమణి రెండుసార్లు కడిగి ఆ నీళ్ళు కూడా పోయించింది.

ఒడ్డుకు వచ్చేసరికి నీటి అంచున చిన్నచిన్న రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. పీతపిల్లలు బురదలోంచి పైకి పాకి, కాళ్ళు ముడుచుకుని వెల్లకిలా పడ్డాయి.

"పీతలే సచ్చిపోతంటే పేలు సావవేటి? సస్తాయి," అంది రమణి.

మధ్యాహ్నానికి కనక వేళ్ళకు చీమలు పట్టినట్టయింది. సాయంత్రానికి చీమలు సూదులయ్యాయి. గెడ్డలో చేతులు ముంచింది. నొప్పి రెట్టింపైంది. చెంపల మీద, పెదవుల మీద కూడా కారం రాసినట్టుంది. అంబలి చిప్ప పట్టుకుంటే చిప్ప అంచు తగిలిన చోటల్లా వేళ్ళు చిమచిమలాడాయి. ఆమె అంబలి ముట్టకుండానే చిప్ప కింద పెట్టింది.

కిందపెట్టి, అలాగే కూర్చుండిపోయింది.

వేళ్ళు సూదులతో పొడుస్తున్నట్టున్నాయన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. కల్లు తాగాడు, ఎందుకు తాగడు? ఈ మంటకు తానైనా తాగుతుంది. సీసాలు అమ్ముకున్నవాడి చేతులు ఇలా ఎందుకు మండుతాయి?

"ఏమ్మే, అలికిడి నేదు?" అంది లోపలినుంచి సోములమ్మ.

"ఏటీ నేదు అత్తా. సెయ్యి మండతంది."

"ఆడూ అదే అన్నాడు మొన్న," అంది ముసలమ్మ, అటు ఒత్తిగిల్లుతూ.

*

మందు పట్టడానికి రెండు రోజులు ఆగి, వల వేశారు. వలలో శీలావతులు, బొచ్చెలు కలిసి పడ్డాయి. రమణి ఒక్కొక్కదాన్నీ ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. మొప్పల వెనక, రెక్కల మొదట్లో, పొట్టకింద, పేలు ఉన్నాయి. కొన్ని నీళ్ళలోకి దూకి చుట్టూ తిరిగి మళ్ళీ ఇంకో చేపను పట్టుకున్నాయి.

రమణి చేపను వదిలేసి తన చేతులవైపు చూసుకుంది. ఆమె వేళ్ళూ ఎర్రగా పొంగి ఉన్నాయి. గట్టుమీద కనక ఉంది.

"అప్పా," అంది కనక. "ఆడు పోసినాడు."

"ఉండు. సారుని రానీ. ఎవులికీ సెప్పకు."

జగదీష్ మర్నాడు బండిమీద వచ్చాడు. మైదానం కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఎక్కువ రోజులు కాలేదు. ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి, చేపను పట్టుకుని, పేలను ఒక గాజు సీసాలో వేసుకున్నాడు. అందులో రెండు చుక్కలు మందు కలిపి గట్టుమీద పెట్టి, చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాడు. పేలు ఈదుతూనే ఉన్నాయి.

"ఈ మందుకి చచ్చేవి ఎప్పుడో చచ్చాయమ్మా," అన్నాడు. "చావనివి మిగిలి గుడ్లు పెట్టాయి. ఇప్పుడున్నవన్నీ వాటి పిల్లలు. కింద పల్లపు చెరువుల్లో ఏళ్ళ తరబడి ఇదే మందు పోస్తున్నారు. మీకు చేపపిల్లలొచ్చింది అక్కణ్ణుంచే. పేను కూడా వాటితోనే కొండెక్కింది."

"అంటే, ఎవులు పోసినా ఇంతేనేటి సారూ?" అంది కనక.

"ఎవరు పోసినా ఇంతే."

"బాగా పోసినా?"

"బాగా పోస్తే ఇంకా నష్టం. పేను చావదు, చేప నీరసిస్తుంది, కింద గెడ్డ పాడవుతుంది." అతను తల గోక్కున్నాడు. "మోతాదు పెంచమని నేనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ముందే వచ్చి చూడాల్సింది."

ఇక మందు ఊసెత్తొద్దన్నాడు. ఈ పేను గట్టి వస్తువు దొరికితే దానికి వరసగా గుడ్లు అంటించి పెడుతుంది. కాబట్టి వెదురు తడికలు అల్లి నీళ్ళలో వేలాడదీయాలి, గుడ్లు పగలకముందే పైకి తీసి ఎండలో మాడ్చాలి, మళ్ళీ వెయ్యాలి. ఎదిగిన చేపను ముందే పట్టేసి చెరువులో ఇరుకు తగ్గించాలి. పండగయ్యాక నీళ్ళు పూర్తిగా తీసి, మట్టి నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, సున్నం చల్లాలి.

"పేను పూర్తిగా పోతుందని చెప్పను. తగ్గుతుంది. కానీ రోజూ చెరువు కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. తడికలు అల్లేవాళ్ళున్నారా?"

గట్టుమీద పోగైన జనం పోతురాజువైపు చూశారు. ఊళ్ళో తడిక అల్లితే ఫల్గుణే అల్లాలి.

*

కనక పోతురాజు అరుగు దగ్గరికి వెళ్ళింది. పక్కన రమణి కూడా ఉంది.

"రచ్చ పెట్టు తాతా. సారు మాట నువ్వూ ఇన్నావు. మావ తప్పు సెయ్యనేదు."

పోతురాజు పొగచుట్ట నోట్లోంచి తీశాడు.

"ఆడే ఒప్పుకున్నాడు గదమ్మీ. అమ్మినానన్నాడు. మేం అబద్దమాడమన్నామా?"

"అనిపించినారు."

"ఎవులు అనిపించినారు? నాను నిన్నడిగినాను. నువ్వేటన్నావు?"

కనక మండుతున్న వేళ్ళను కొంగులో చుట్టుకుంది.

"సూడు," అన్నాడు ముసలాయన, గొంతు తగ్గించి. "మేకని ఊరంతా తిన్నాది. తిన్నాక తప్పు మాదే అంటే, ఊరిమీద దండుగ ఎవులేస్తారు? రేపు ఇంకో తగువు నా కాడికెవులు తెస్తారు? ఆడ్ని రమ్మను. తడికలు అల్లమను. పాత మాట ఎత్తొద్దు. మేమూ ఎత్తం."

రమణి కాలి బొటనవేలితో నేలమీద గీతలు గీస్తోంది.

మధ్యాహ్నం కనక అంబలి బుర్ర పట్టుకుని కొండపోడుకు ఎక్కింది. ఫల్గుణ గుడిసె ముందు కూర్చుని పార కర్ర చెక్కుతున్నాడు. గడ్డం మాసి ఉంది. ఆమె బుర్ర పక్కన పెట్టి, కాస్త ఎడంగా కూర్చుంది. సారు చెప్పినదంతా చెప్పింది. అతను చెక్కడం ఆపలేదు.

"నాకు తెలీదేటి, నాను పోసినానని? నాకు కొత్తగా సెప్పేదేటున్నాది?"

"మరేల అలగన్నావు మావా? సెయ్యని దొంగతనం మీదేసుకుంటారేటి?"

కత్తి ఆగింది.

"ఊరోళ్ళు నమ్మకపోతే ఇంటికాడ సెప్పుకుంటాను. నువ్వే నమ్మకపోతే ఇంకెవులికి సెప్పాల?"

కింద లోయలో కాఫీ తోటలమీద ఎండ పొగలా ఆడుతోంది. కనక కళ్ళు తుడుచుకోబోయి, వేళ్ళు మండి చెయ్యి దించేసింది. అతను ఆ చేతులు చూశాడు.

"నువ్వు పోసినావేటి?"

"ఊఁ."

"నీళ్ళు పెట్టకు. వలిసి నూనె రాయి. నీళ్ళు తగిలితే మరింత మండుద్ది." ఒక క్షణం ఆగి అన్నాడు, "నాను ఆ మాట ఆ రోజే సెప్పేటోడ్నే. నువ్వు అటు తిరిగి తొంగున్నావు."

కనక లేచింది. "ఊరోళ్ళు రమ్మంటన్నారు."

"దొంగోడు సెరువుగట్టెలగెక్కుతాడు? ఎళ్ళు. రేపు సంత జీపులో నాను కిందకి పోతాను. రొయ్యల సెరువుల్లో పని దొరుకుద్ది."

*

మర్నాడు ఉదయం ఆడవాళ్ళు వెదురు నరకడానికి పోగయ్యారు. పోతురాజు కూడా వచ్చి రచ్చ రాళ్ళ దగ్గర కూర్చున్నాడు. దిగువన జీపు ఆగే చోటుకు పోవాలంటే ఆ రాళ్ళ పక్కనుంచే దారి. ఫల్గుణ దుప్పటిమూట చంకన పెట్టుకుని వస్తూ కనబడగానే కనక జనం మధ్యకు వెళ్ళి నిలబడింది.

"తాతా, నానొక మాట సెప్పాల. ఆ రోజు నాను అబద్దమాడినాను."

అందరూ తిరిగారు. ఫల్గుణ కూడా ఆగాడు.

"సూడ్నేదన్నాను. సూసినాను. మొదటి మందు రోజు మజ్జేన నీళ్ళకని కొండ దిగినాను. ఆడు తెప్పమీద మందు సల్లతన్నాడు. నా కళ్ళతో సూసినాను."

"మరేల సెప్నేదు?" పోతురాజు గొంతు లేచింది.

ఆ ప్రశ్న వస్తుందని కనక రాత్రే అనుకుంది. జవాబు మాత్రం అప్పుడే వచ్చింది.

"ఇంట్లో దెబ్బలాట. కోపం. ఆడి మీద కోపంతో."

ఎవరో ఉమ్మేశారు. "ఓలమ్మ! మొగుడికి దండుగేయించిందే!" "మన సేత పాపం సేయించినాది!" అందరి గొంతుల్లోనూ బరువు దిగినవాళ్ళ తేలిక కనకకు వినబడింది. కోపగించుకుంటున్నారు కానీ, మొహాలు తేటపడ్డాయి. మేకను తిన్నవాళ్ళెవరికీ తప్పు లేదు. ఊరు మోసపోయింది, అంతే.

కనక రమణివైపు చూసింది. ఆ రోజు ఇద్దరూ ఒకే చెట్టుకింద ఉన్నారు. నీళ్ళు పైన ఊటలోనే ముంచుకున్నారు. పొద్దువాలేదాకా కనక కొండ దిగలేదని రమణికి తెలుసు. రమణి పెదవులు కదిలాయి. చేతిలోని వెదురు కత్తిని ఇటునుంచి అటు మార్చుకుంది. తర్వాత మెల్లగా కళ్ళు దించుకుంది.

పోతురాజు తీర్పు చెప్పాడు. ఫల్గుణ మీద తప్పు లేదు. తప్పు కనకది. మళ్ళీ చేపపిల్ల వేసేదాకా ఆమె సంఘంలో కూర్చోకూడదు, గట్టు తొక్కకూడదు, చేపలో ఆమెకు వాటా లేదు. పుట్టింటివాళ్ళు ఆమెకిచ్చిన ఆడమేకను పోయిన పోతుమేకకు బదులుగా మొగుడికి ఇచ్చుకోవాలి. ఆ మేక కట్టి ఉన్న దొడ్డీ, చేరాల్సిన దొడ్డీ ఒకటేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టినా ఎవరూ నవ్వలేదు.

దిగువన జీపు హారన్ రెండుసార్లు మోగింది. ఫల్గుణ మూట పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. జీపు వెళ్ళిపోయిన చప్పుడు మలుపు దాటాక, మూట రాయిమీద పెట్టి, రమణి చేతిలోని కత్తి తీసుకుని వెదురుపొదవైపు నడిచాడు.

*

తడికలు ఇంటి ముందే అల్లాడు. కనక వెదురు చీల్చి బద్దలు అందించింది. అతను అందుకున్నాడు. చెరువుకు మాత్రం ఒక్కడే మోసుకెళ్ళేవాడు. కొన్నాళ్ళకు మొదటి తడిక పైకి తీసి వాకిట్లో ఎండకు వేశాడు. బద్దల వెంబడి చోడి గింజలు అంటించినట్టు గుడ్లు, వరసలు వరసలుగా. ఎండకు అవి వడిలి, నల్లబడి రాలాయి. చేపలు ఇంకా చస్తూనే ఉన్నాయి, కాకపోతే కాస్త తక్కువగా. పండక్కి పట్టినవి చిక్కి, పుండ్లుపడి, సంతలో అడిగినవాళ్ళు లేక ఊళ్ళోనే పంచుకున్నారు. కనక గడప తప్ప అందరి ఇళ్ళకూ వెళ్ళింది చేప.

ఆ సాయంత్రం రమణి కంచె అవతల నిలబడింది. ఆకులో చుట్టిన చిన్న చేప చేతిలో ఉంది.

"కనకా..."

"పట్టుకుపో అప్పా. నాకు వాటా నేదు."

"నాను ఆ రోజు..."

"ఇప్పుడు సెప్తే మళ్ళీ రచ్చ పెట్టాల. మళ్ళీ ఆడ్ని నిలబెడతారు. ఊరుకో."

రమణి చేపను కొంగుకింద పెట్టుకుని వెళ్ళిపోయింది. వాకిట్లో తడిక కట్లు బిగిస్తున్న ఫల్గుణ తలెత్తకుండానే అడిగాడు.

"ఆ మజ్జేన నువ్వు కొండ దిగ్నేదు గదా."

"దిగ్నేదు."

"మరి సూసినానని సెప్పినావు."

"అప్పుడు అనవలసింది అన్నేదు. అందికే."

ఫల్గుణ చివరి కట్టు పళ్ళతో లాగి బిగించి లేచాడు. ఈసారి అల్లినది పెద్ద తడిక, పచ్చి వెదురు, బరువుగా ఉంది. ఒక కొస ఎత్తి, రెండో కొసవైపు చూశాడు.

"అటు పట్టు."

కనక చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పట్టుకుంది. అతను ముందు, ఆమె వెనక, చింతతోపు పక్కనుంచి దిగారు. దారిలో ఎదురైన ఆడవాళ్ళు ఫల్గుణను పలకరించి, ఆమెను తప్పుకుని పోయారు. చెరువుగట్టు మొదలయ్యే చోట కనక ఆగింది. ఫల్గుణ కూడా ఆగాడు. ఆమె చేతిలోని కొసను తన రెండో భుజంమీదికి తీసుకుని, బరువుకు వంగి, గట్టుమీద ఒక్కడే నడిచాడు.

తడిక నీళ్ళలోకి దిగేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది.